అపార్ట్‌మెంట్ గదిలో డీసీసీ-ఈఎక్స్: నాలుగేళ్ళ వాడకం తర్వాత సమీక్ష

గోడల వెంట ఎల్ ఆకారంలో వేసిన హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు) మోడల్ రైలు లేఅవుట్ ఇది. ఒక చేయి పది అడుగులు, రెండోది ఎనిమిది. రెండు స్టేషన్లు, ఒక్కోదాంట్లో రెండేసి లైన్లు, మధ్యలో సింగిల్ లైను, పక్కన చిన్న గూడ్స్ యార్డు. ఎనిమిది పాయింట్లు (పట్టాలు చీలే చోట్లు), ఆరు లోకోలు (ఇంజన్లు). వీటన్నిటినీ నడిపేది డీసీసీ-ఈఎక్స్, పట్టాల గుండానే రైళ్ళకు ఆజ్ఞలు పంపే డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతి కమాండ్ స్టేషన్. అంటే ఒక ఆర్డినో మెగా 2560 బోర్డు, దాని నెత్తిన ఎల్298 చిప్పు ఉన్న మోటార్ షీల్డు, వైఫై కోసం ఈఎస్‌పీ-01ఎస్ మాడ్యూలు, వీటిలో నడిచే ఓపెన్ సోర్స్ కోడ్. వారానికి నాలుగైదు గంటల చొప్పున నాలుగేళ్ళుగా నడుస్తోంది. ఈ కాలంలో ఏది నిలబడింది, ఏది కాలిపోయింది, ఏది మార్చాల్సి వచ్చింది అన్నదే ఈ సమీక్ష.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోడ్ చాలా గట్టిది. చవక బోర్డుల్లో కరెంటు సరఫరా బలహీనం. రైలు ఆగిపోయిన ప్రతి పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పు కోడ్‌లోనూ లేదు, బోర్డులోనూ లేదు, పట్టాకీ చక్రానికీ మధ్య ఉంది. సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళం సమస్య రాగానే లాగ్ తెరుస్తాం. ఇక్కడ ముందు తెరవాల్సింది గుడ్డముక్క.

రెడీమేడ్ డీసీసీ సిస్టమ్ కాకుండా ఇది ఎందుకంటే, విదేశీ మోడల్ రైళ్ళ మీద మన దగ్గర పడే సుంకం. బొమ్మల మీద బేసిక్ కస్టమ్స్ సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి, 2023 బడ్జెట్‌లో 70కి పెంచారు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి అయింది. మోడల్ రైలు పార్సెల్ కూడా తరచుగా ఆ బొమ్మల ఖాతాలోనే పడుతుంది. పైగా రెడీమేడ్ పెట్టె పాడైతే రిపేరుకు మళ్ళీ సముద్రం దాటాలి. మెగా బోర్డు, షీల్డు, పవర్ మాడ్యూళ్ళయితే హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లోనో దొరుకుతాయి. శనివారం పొద్దున కాలిపోతే సాయంత్రానికి కొత్తది బిగించుకోవచ్చు. కమాండ్ స్టేషన్ మొత్తం రెండు మూడు వేల రూపాయల్లో తయారవుతుంది. డబ్బంతా లోకోలకూ, వాటిలో ఆజ్ఞలు చదివే చిన్న బోర్డులైన డీకోడర్లకూ మిగుల్చుకోవచ్చు, ఎందుకంటే వాటికి ప్రత్యామ్నాయం లేదు.

డీసీసీ కొత్తవాళ్ళకు రెండు ముక్కలు. పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజే ఉంటుంది. అటూ ఇటూ తిరగబడే చదరపు తరంగంలో ఆజ్ఞలు పోతాయి. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లుంటే అది ఒకటి, 100 మైక్రోసెకన్లు లేక అంతకంటే ఎక్కువుంటే సున్నా. లోకోలోని డీకోడర్ తన నంబరుకు వచ్చిన ఆజ్ఞను చదివి మోటారును తిప్పుతుంది. ఇది జర్మనీకి చెందిన లెంజ్ కంపెనీ రూపొందించిన పద్ధతి. అమెరికాలోని మోడల్ రైళ్ళ సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ దాన్ని ప్రమాణంగా తీసుకుంది కాబట్టి ఏ కంపెనీ డీకోడరైనా ఈ బోర్డుతో మాట్లాడుతుంది.

ఇక బోర్డు సంగతి. షీల్డుకు బయటినుంచి 15 వోల్టులు ఇస్తే పట్టాల మీదికి సుమారు 13 చేరతాయి. ఎల్298 పాతకాలపు చిప్పు, లోడు పడితే రెండు వోల్టులు తానే తినేస్తుంది. ఆ తిన్నదంతా వేడిగా మారుతుంది. ఒక ఆంపియరు నడిస్తే రెండు వాట్ల పైచిలుకు వేడి అంత చిన్న చిప్పులో. జనవరిలో ఇది ఎవరికీ తెలియదు. మే నెలలో గది 38 డిగ్రీలుంటే మూడు రైళ్ళు ఇరవై నిమిషాలు నడిచేసరికి చిప్పు వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది, చల్లారాక మళ్ళీ మొదలవుతుంది. చూసేవాళ్ళకు ఎక్కడో షార్ట్ అవుతున్నట్టే ఉంటుంది. అల్యూమినియం హీట్‌సింక్ అతికించి, 40 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాను పక్కనుంచి గాలి కొట్టేలా పెట్టాక మూడు ఎండాకాలాలు గడిచాయి, మళ్ళీ ఆగలేదు. హెచ్‌ఓ లోకో మామూలుగా 0.3 నుంచి 0.5 ఆంపియర్లు తీసుకుంటుంది. కాబట్టి 2 ఆంపియర్ల ఛానల్ మీద ఒకేసారి మూడు, మహా అయితే నాలుగు. అంతకంటే ఎక్కువ కావాలనుకుంటే మాస్‌ఫెట్ (తక్కువ వోల్టేజి తినే ట్రాన్సిస్టరు) డ్రైవరున్న షీల్డు తీసుకోవాలి, ఎల్298ను బతిమాలి లాభం లేదు.

15 వోల్టుల అడాప్టరు కోసం వెతకడం దండగ. పాత ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టరు, మధ్యలో వోల్టేజి తగ్గించే ఎక్స్‌ఎల్4015 బక్ మాడ్యూలు. మల్టీమీటరు పెట్టి 15కి తిప్పి, ఆ స్క్రూ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేయండి, కదలదు.

కొత్తవాళ్ళు ఎక్కువగా బోర్డు కాల్చుకునేది ఇక్కడే. మోటార్ షీల్డు కింది వైపు 'విన్ కనెక్ట్' అని రాసి ఉన్న చిన్న రాగి గీత ఉంటుంది. దాన్ని బ్లేడుతో కోసేయాలి. కోయకపోతే పట్టాలకిచ్చే 15 వోల్టులే మెగా బోర్డులోకీ పోతాయి. క్లోన్ (నకలు) బోర్డుల మీదుండే రెగ్యులేటరుకు 15 వోల్టులే హద్దు. దానికి వైఫై మాడ్యూలు లోడు కూడా తోడైతే కొన్ని నిమిషాల్లో వేలు పెట్టలేనంత కాలుతుంది, కొన్ని వారాల్లో చచ్చిపోతుంది. కోశాక మల్టీమీటరు బీప్ మోడ్‌లో పెట్టి రెండు వైపులా తాకించి చూడాలి. శబ్దం రాకూడదు. మెగాకు విడిగా 7 నుంచి 9 వోల్టుల అడాప్టరు గానీ, యూఎస్‌బీ గానీ ఇవ్వాలి.

వైఫై మొదట్లో నాకు అతి పెద్ద తలనొప్పి. ఫోన్లోని ఇంజన్ డ్రైవర్ యాప్ కనెక్టు అవుతుంది, పది నిమిషాల తర్వాత తెగుతుంది. ఛానళ్ళు మార్చడం, ఫర్మ్‌వేర్ మార్చడం అన్నీ అయ్యాయి. అసలు కారణం కరెంటు. మెగా బోర్డు మీది 3.3 వోల్టుల పిన్ను ఇవ్వగలిగింది 50 మిల్లీఆంపులు. ఈఎస్‌పీ చిప్పు ప్రసారం చేసేటప్పుడు అడిగేది 170, ఆ పైన. ఖాళీగా ఉన్నంతసేపూ బాగానే ఉండి, ఇద్దరు ముగ్గురు ఫోన్లతో ఎక్కగానే వోల్టేజి పడిపోయి మాడ్యూలు రీసెట్ అవుతుంది. 5 వోల్టుల నుంచి ఏఎంఎస్1117 3.3 వోల్టుల మాడ్యూలు విడిగా పెట్టి, ఈఎస్‌పీ కాళ్ళ దగ్గరే 100 మైక్రోఫారడ్ కెపాసిటరు వేస్తే ఆ జబ్బు పోయింది. మెగా పంపే వైరులో ఒక కిలోఓమ్, రెండు కిలోఓమ్ రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించడం మరవద్దు, ఈఎస్‌పీ 3.3 వోల్టుల జాతి. అపార్ట్‌మెంట్లో పైనా కిందా పక్కనా రౌటర్లే కాబట్టి 1, 6, 11 ఛానళ్ళలో ఏది ఖాళీగా ఉందో ఫోన్లో చూసుకుని పెట్టుకోవాలి. అది రెండో మెట్టు, కరెంటు మొదటిది.

ఆ యాప్‌లో ఫోను మోగితే రైలు ఆపే సెట్టింగు ఉంది. దాన్ని వేసి పెట్టుకోండి. లేకపోతే ఆదివారం సాయంత్రం ఆఫీసు నుంచి కాల్ వచ్చినప్పుడు చేతిలోని థ్రాటిల్ (వేగం మార్చే) తెర మాయమై, రైలు మాత్రం పరుగు పెడుతూ ఉంటుంది.

డీకోడర్ ప్రోగ్రామింగు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, చవక షీల్డులన్నీ బయటపడేది ఇక్కడే. ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద సీవీ (డీకోడర్‌లోని సెట్టింగు) చదివేటప్పుడు డీకోడర్ 'అవును' అని చెప్పే తీరు విచిత్రంగా ఉంటుంది. మోటారును ఓ క్షణం తిప్పి, కనీసం 60 మిల్లీఆంపులు సుమారు 6 మిల్లీసెకన్ల పాటు ఎక్కువ లాగుతుంది. కమాండ్ స్టేషన్ ఆ చిన్న గంతును పట్టుకోవాలి. అసలు షీల్డులో ఆంపియరుకు 1.65 వోల్టుల లెక్కన కొలత వస్తుంది. 60 మిల్లీఆంపులంటే 0.1 వోల్టు, మెగా కొలిచే మెట్లలో ఇరవై. చవక అడాప్టరు నుంచి వచ్చే రొద అందులో ఆరేడు మెట్లు అటూ ఇటూ ఊగిస్తుంది. అందుకే ఒకే లోకో ఒకసారి చదువుతుంది, మరోసారి చదవదు. చేయాల్సినవి మూడు. ముందు చక్రాలు తుడవండి. తర్వాత డీసీసీ-ఈఎక్స్‌లో ఆక్ (ఆ 'అవును' సంకేతం) డయాగ్నస్టిక్స్ ఆన్ చేసి, తెర మీద వచ్చే గంతు ఎన్ని మిల్లీఆంపులుందో చూసి ఆక్ లిమిట్‌ను దానికి కొంచెం కిందికి దించండి. అయినా చదవకపోతే లోకోలో కీప్-అలైవ్ కెపాసిటరు (పట్టా నుంచి కరెంటు క్షణం తెగినా లోకోను నడిపేది) ఉందేమో చూడండి. అది ఉంటే గంతును మింగేస్తుంది, ప్రోగ్రామింగ్ చేసినంతసేపూ ఊడదీయాల్సిందే. ఒక క్లోన్ షీల్డులో కొలత రెసిస్టరే తప్పు విలువది వేసి వచ్చింది. అలాంటిదాన్ని ఎంత సర్దినా ఉపయోగం లేదు, మార్చడమే.

మన కరెంటు కోతలకు సంబంధించిన ముఖ్యమైన సీవీ 29. చాలా డీకోడర్లు 6 విలువతో వస్తాయి. అందులో డీసీ మీద కూడా నడవడానికి అనుమతి ఉంటుంది. సిగ్నల్ తడబడిన క్షణంలో పట్టాల మీద స్థిరమైన డీసీ కనబడితే డీకోడర్ దాన్ని పాత పద్ధతి కంట్రోలరు అనుకుని పూర్తి వేగంతో దూకుతుంది. బల్ల చివర ఎండ్ స్టాప్ లేకపోతే లోకో నేల మీదే. సీవీ 29ని 6 నుంచి 2కు, పొడవు నంబరు వాడే లోకోల్లో 38 నుంచి 34కు మార్చండి. కొత్త లోకో పెట్టెలోంచి తీయగానే నంబరు మార్చడం కంటే ముందు ఇది.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఇన్వర్టరు అందుకునేలోపు మెగా రీసెట్ అవుతుంది. తిరిగి లేచినప్పుడు డీసీసీ-ఈఎక్స్ పట్టాలకు కరెంటు ఇవ్వకుండా ఆజ్ఞ కోసం ఎదురుచూస్తుంది, మంచి నిర్ణయం. కానీ చాలామంది సౌకర్యం కోసం ఎక్స్‌రెయిల్ స్క్రిప్టు మొదట్లోనే పవర్ ఆన్ రాసుకుంటారు. ఎక్స్‌రెయిల్ అంటే ఇందులోనే ఉన్న ఆటోమేషన్ భాష. ఏ బ్లాకులో (ఒకసారికి ఒకే రైలు ఉండాల్సిన పట్టా భాగంలో) ఏ రైలుందన్న గుర్తులన్నీ తాత్కాలిక మెమరీలోనే ఉంటాయి. రీసెట్ తర్వాత కోడ్ దృష్టిలో అన్ని బ్లాకులూ ఖాళీ, పట్టాల మీద మాత్రం రైళ్ళు మధ్యలోనే నిలబడి ఉంటాయి. స్క్రిప్టు మొదటి వరుస నుంచి మొదలైతే ఢీకొనడం ఖాయం. పవర్ ఆన్‌ను స్క్రిప్టులోంచి తీసేసి ఒక బటనుకు ఇవ్వండి. రైళ్ళన్నీ తమ తమ స్టేషన్లలో ఉన్నాయని కంటితో చూసుకున్న మనిషే ఆ బటను నొక్కాలి. లేదా మెగాకు, షీల్డుకు కలిపి చిన్న యూపీఎస్ పెట్టుకోవాలి. రెండూ చేస్తే ఇంకా మేలు.

సింగిల్ లైను మీద రెండు రైళ్ళను ఆటోమేటిక్‌గా నడపడం ఈ మొత్తంలో అందమైన భాగం. మన రైల్వేలో సింగిల్ లైను మీద పక్క స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రానిదే బండిని వదిలే స్టార్టర్ సిగ్నల్ పడదు. నీల్స్ బాల్ టోకెన్ ఉన్న చోట రెండు స్టేషన్లలోని యంత్రాలు విద్యుత్తుతో ముడిపడి ఉండి, ఒక సమయంలో ఒక్క బంతినే బయటికి ఇస్తాయి. ఆ బంతి డ్రైవరు చేతిలో ఉంటేనే బండి కదులుతుంది. ఎక్స్‌రెయిల్‌లో రిజర్వ్, ఫ్రీ అనే రెండు ఆజ్ఞలు అచ్చం ఆ బంతే. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు దీని పేరు లాక్. రెండు థ్రెడ్లు, ఒక వనరు.

లాక్‌లతో వచ్చే జబ్బు కూడా అలాగే వస్తుంది. రైలు ముందు సింగిల్ లైనును రిజర్వు చేసుకుని, అవతలి స్టేషన్లో లైను ఖాళీ కోసం మధ్యలో ఆగిందనుకోండి. అవతలి రైలు బయటికి రావాలంటే ఇదే సింగిల్ లైను కావాలి. ఇద్దరూ కదలరు. వరస తిప్పాలి. ముందు చేరాల్సిన స్టేషన్లోని లైను రిజర్వు, అది దొరికాకే సింగిల్ లైను రిజర్వు, ఆ తర్వాతే కదలిక. ఈ వరసను ప్రతి రైలూ పాటించాలి, ఒక్కటి తప్పినా మొత్తం బిగుసుకుంటుంది. ఇంకో నియమం, రెండు స్టేషన్లలో కలిపి నాలుగు లైన్లుంటే మూడు రైళ్ళకు మించి పెట్టకూడదు. నాలుగోది పెట్టిన క్షణం నుంచి ఎవరికీ వెళ్ళే చోటుండదు, వరస ఎంత సరిగ్గా ఉన్నా సరే.

ఫ్రీ ఎప్పుడు చేయాలన్నది ఇంకా సూక్ష్మమైన విషయం. స్టేషన్ ముఖద్వారం దగ్గర సెన్సరు దాటగానే బ్లాకు వదిలేస్తే, వెనక కప్లింగు ఊడి సింగిల్ లైనులోనే మిగిలిపోయిన పెట్టె సంగతి కోడ్‌కు తెలియదు. ఎదురు రైలు వచ్చి దాన్ని గుద్దుతుంది. అసలు రైల్వేలో దీనికోసమే చివరి పెట్టె వెనక ఎల్‌వీ (లాస్ట్ వెహికల్) బోర్డు తగిలిస్తారు. బండి మొత్తం వచ్చిందని అది చూసి నిర్ధారించుకున్నాకే వెనకటి సింగిల్ లైను ఖాళీ అయినట్టు లెక్క. లేఅవుట్ మీద ఎల్‌వీ బోర్డు పని అయస్కాంతం చేస్తుంది. మెము రైలుకు రెండు చివరి పెట్టెల కింద 3 మిల్లీమీటర్ల నియోడిమియం అయస్కాంతం ఒక్కోటి, పట్టాల మధ్య స్లీపర్ల సందులో రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే పనిచేసే స్విచ్). మొదటి స్పందన ముఖం వచ్చినట్టు, రెండోది తోక దాటినట్టు. ఎక్స్‌రెయిల్‌లో 'ఆఫ్టర్' ఆజ్ఞ సెన్సరు పడి, లేచి, అర సెకను ఖాళీగా ఉన్నాక ముందుకెళ్తుంది. దాన్ని రెండుసార్లు వరసగా రాసి, ఆ తర్వాత ఫ్రీ రాస్తే సరిపోతుంది. రీడ్ స్విచ్ అంత వేగాన్ని పట్టుకుంటుందా అన్న అనుమానానికి లెక్క ఇదిగో. 1:87లో గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 190 మిల్లీమీటర్లు. అయస్కాంతం ప్రభావం ఒక సెంటీమీటరు మేర ఉన్నా 50 మిల్లీసెకన్లు దొరుకుతాయి. చాలు.

రీడ్ స్విచ్‌కు ముందు ఎల్‌ఎం393 ఇన్‌ఫ్రారెడ్ మాడ్యూళ్ళు వాడి చూశాను. పడమటి కిటికీలోంచి నాలుగింటి ఎండ పడితే లేని రైళ్ళు కనబడతాయి. నల్ల అండర్‌ఫ్రేమ్ ఉన్న పెట్టెలను అవి చూడవు. పెట్టెల మధ్య ఖాళీ దగ్గర మినుకుమంటాయి. కర్టెన్లు ఎప్పుడూ వేసి ఉండే గదికైతే పరవాలేదు.

'కవచ్' గురించి చదివేవాళ్ళకు ఈ చిన్న లేఅవుట్ మంచి పాఠశాల. 2022 మార్చి 4న మన దక్షిణ మధ్య రైల్వేలో గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపి చూపించిన వ్యవస్థ అది. మనిషి సిగ్నల్ దాటబోయినా యంత్రం బ్రేకు వేయాలన్నది దాని పని. బల్ల మీద మూడు రైళ్ళకు లాక్ వరస, తోక నిర్ధారణ, రీసెట్ తర్వాత ఏమీ నమ్మకపోవడం అన్నవి సరిచేసుకున్నవాళ్ళకు, దానికి ఎస్‌ఐఎల్-4 అనే అత్యున్నత భద్రతా స్థాయి ధ్రువీకరణ ఎందుకు అడిగారో వేళ్ళతో తాకినట్టు అర్థమవుతుంది.

ఇక పట్టాలు. నికెల్ సిల్వర్ పట్టాలే తీసుకోండి. ఇనుప పట్టాలు ఒక్క వానాకాలంలో తుప్పెక్కుతాయి, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఇంకా ముందే. ఇత్తడి మీద పట్టే పొర కరెంటును ఆపుతుంది. నికెల్ సిల్వర్ కూడా నల్లబడుతుంది, కానీ తుడిస్తే పోతుంది. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ. గరుకు కాగితం జోలికి వెళ్ళవద్దు. అది గీసిన సన్నని గాడుల్లోనే తర్వాతి మురికి నిలుస్తుంది, వారానికోసారి చేసే పని రెండ్రోజులకోసారి అవుతుంది. చక్రాలకు తేలిక ఉపాయం ఉంది. ఆల్కహాల్‌లో తడిపిన టిష్యూను పట్టాలకు అడ్డంగా పరిచి, లోకో ఒక బోగీని (చక్రాల చట్రాన్ని) దాని మీద, రెండోదాన్ని ఖాళీ పట్టా మీద ఉంచి, చేత్తో పట్టుకుని సగం వేగంతో తిప్పాలి. టిష్యూ మీద రెండు నల్లటి చారలు పడతాయి. అవి పడడం ఆగేదాకా చోటు మార్చి తిప్పుతూనే ఉండాలి. పెట్టెలకు ప్లాస్టిక్ చక్రాలుంటే తీసేసి లోహపువి వేయండి. పట్టాల మీది మసిలో చాలా భాగాన్ని ప్లాస్టిక్ చక్రాలే మోసుకు తిరుగుతాయి.

కప్పి ఉంచడానికి పాత నూలు చీరో దుప్పటో అందరూ వాడతారు. వాటి పీచు గేర్లలోకి పోతుంది. గొడుగు గుడ్డ మీటర్ల లెక్కన కొని కుట్టించుకోండి, పీచు రాలదు, తేలిక. బల్లులు పట్టాల మీద వేసే రెట్ట ఎండితే మామూలు గుడ్డకు రాదు, ముందు నీటి చుక్కతో నానబెట్టాలి. గోడకూ బల్లకూ మధ్య నాలుగు అంగుళాలు వదిలితే వాటి రాకపోకలు తగ్గుతాయి.

వైరింగుకు ఇంటి వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది చాలు. ఐదు మీటర్ల దూరానికి పోను రాను పది మీటర్లు, రెసిస్టెన్స్ సుమారు 0.12 ఓమ్, 2 ఆంపియర్ల దగ్గర పావు వోల్టు నష్టం. పట్టా ముక్కలను కలిపే జాయినర్లను నమ్ముకుని కరెంటు పంపకండి. మొదటి ఏడాది బాగానే ఉంటాయి, రెండో వానాకాలానికి లోపల నల్లబడి ఒక్కొక్కటే మొరాయిస్తాయి. ప్రతి పట్టా ముక్కకూ విడిగా డ్రాపర్ వైరు టంకం వేయాలి. అయ్యాక రూపాయి బిళ్ళ పరీక్ష. కరెంటు ఆన్ చేసి, లేఅవుట్ అంతటా ఒక్కో మీటరు దూరంలో బిళ్ళను రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టండి. ప్రతిచోటా కమాండ్ స్టేషన్ వెంటనే షార్ట్ అని కరెంటు తీసేయాలి. ఎక్కడ తీయలేదో అక్కడ వైరు సన్నగా ఉందనో, టంకం పొడిగా ఉందనో అర్థం. అలాంటి చోట నిజంగా రైలు పడిపోతే చక్రాల గుండా కరెంటు పారుతూ బోగీ కరుగుతుంది.

కీప్-అలైవ్ సర్క్యూటును ప్రతి లోకోలోనూ వేసుకోండి. 25 వోల్టుల 2200 మైక్రోఫారడ్ కెపాసిటరు, దానికి వరసగా 100 ఓమ్ అర వాటు రెసిస్టరు, రెసిస్టరుకు సమాంతరంగా 1ఎన్4007 డయోడు. ఛార్జి అయ్యేటప్పుడు రెసిస్టరు గుండా మెల్లగా, ఇచ్చేటప్పుడు డయోడు గుండా ఒక్కసారిగా. డీకోడర్ నీలం వైరుకు ప్లస్, డీకోడర్ గ్రౌండుకు మైనస్. 150 మిల్లీఆంపులు తీసుకునే లోకోకు ఇది సుమారు పదోవంతు సెకను ఊపిరి పోస్తుంది. వినడానికి తక్కువే, కానీ పాయింటు క్రాసింగు దాటడానికీ ఒక దుమ్ము రేణువు దాటడానికీ అదే ఎక్కువ. 16 వోల్టుల కెపాసిటరు చిన్నగా ఉంటుంది కదా అని పెట్టకండి, పట్టా వోల్టేజి దాని హద్దును ఆనుకునే ఉంటుంది.

మన బళ్ళే నడపాలనుకునేవాళ్ళకు కొలతల సంగతి. 1676 మిల్లీమీటర్ల మన బ్రాడ్ గేజి 1:87లో 19.3 మిల్లీమీటర్లు కావాలి. హెచ్‌ఓ పట్టా 16.5, అది 1435 గేజికి సరిపోయేది. ఎదురుగా చూస్తే మన లోకో సన్న కాళ్ళ మీద నిలబడినట్టుంటుంది. పక్కనుంచి చూస్తే తెలియదు. అందుకే లేఅవుట్ ఎత్తు ఛాతీ దాకా పెడితే మంచిది. కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టె 23.54 మీటర్లు, అంటే మోడల్లో 270 మిల్లీమీటర్లు. పాత రకం ఐసీఎఫ్ పెట్టె 245. పెట్టె పొడవుకు మూడు రెట్లు వంపు వ్యాసార్థం కావాలన్న లెక్కన 800 మిల్లీమీటర్ల పైన. రెడీమేడ్ సెట్లలో వచ్చే 438 మిల్లీమీటర్ల వంపులో ఎల్‌హెచ్‌బీ పెట్టెల వరస తిరుగుతుంది కానీ పెట్టెల మూలలు బయటికి పొడుచుకొస్తాయి, బఫర్లు ఒరుసుకుంటాయి. చిన్న గదిలో గుండ్రం వేయకుండా ఎల్ ఆకారం ఎంచుకున్నది ఇందుకే. ఒకే ఒక్క మూల, అక్కడ 800 వ్యాసార్థం ఇవ్వొచ్చు. త్రీడీ ప్రింటు చేయించుకున్న బాడీలు పీఎల్‌ఏ ప్లాస్టిక్‌వి అయితే 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. ఎండలో నిలిపిన కారులో వదిలితే డబ్ల్యూడీఎం-3ఏ డీజిల్ ఇంజనైనా అరటికాయలా వంగుతుంది.

సాఫ్ట్‌వేర్ వైపు పెద్దగా చెప్పడానికి లేదు, అదే దాని గొప్ప. సెట్టింగులన్నీ రెండు మూడు టెక్స్ట్ ఫైళ్ళు. గిట్‌లో (ఫైళ్ళ మార్పుల చరిత్ర దాచేది) పెట్టి, జేఎంఆర్‌ఐ అనే మోడల్ రైళ్ళ సాఫ్ట్‌వేర్ రోస్టర్ (లోకోల జాబితా) ఫోల్డరును కూడా అందులోనే కలిపితే ప్రతి లోకో సీవీ చరిత్ర ఉంటుంది. నెలల తర్వాత 'ఈ లోకో ఎందుకు కుదుపుతోంది' అన్న ప్రశ్నకు సీవీ 2, 3, 4ల పాత విలువలు అక్కడే దొరుకుతాయి. కొత్త వర్షన్ వేసేముందు ఖాళీ మెగా బోర్డు ఇంకోటి కొని దాని మీద వేయండి. పాతది అలాగే పక్కన ఉంటుంది, నచ్చకపోతే షీల్డు పీకి పాతదాని మీద పెట్టడమే. రెండు నిమిషాల పని. చుట్టాలు వచ్చే పండగరోజు ముందు రాత్రి మాత్రం ఏ అప్‌డేటూ వద్దు.

నాలుగేళ్ళలో మార్చినవి ఒక మెగా క్లోన్, ఒక షీల్డు, రెండు ఈఎస్‌పీ మాడ్యూళ్ళు, పాయింట్లను తిప్పే చిన్న మోటార్లు, అంటే ఎస్‌జీ90 సర్వోలు మూడు. సర్వోలు మూడూ పాయింటు రాడ్డు బిగుతుగా ఉన్నచోటే పళ్ళు విరిగాయి, రాడ్డుకు 0.8 మిల్లీమీటర్ల స్ప్రింగు తీగ వేశాక మళ్ళీ విరగలేదు. ఒక్క డీకోడర్ కూడా పోలేదు. ఇప్పుడు బల్ల కింద విడిభాగాల డబ్బాలో ఉన్నవి ఒక మెగా, ఒక షీల్డు, ఒక బక్ మాడ్యూలు, నాలుగు సర్వోలు, పది రీడ్ స్విచ్‌లు. రీడ్ స్విచ్‌ల గాజు గొట్టాలు కాళ్ళు వంచేటప్పుడు పగులుతాయి కాబట్టి పది. వంచేచోట గాజుకు ముందు ముక్కుపట్టకారుతో తీగను పట్టుకుని, అవతలి వైపు మాత్రమే వంచాలి.